పరికరాల వెనుక చేతులు: పాఠశాల సాంకేతిక సహాయకులు, వారి సంఘాలు

ఒక పాఠశాల చరిత్రను గ్రంథస్థం చేయబూనినప్పుడు మొదట స్మరణకు వచ్చేవారు స్థాపకులు, దాతలు, ప్రధానోపాధ్యాయులు, ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణులైన విద్యార్థులు. అది న్యాయమే. వారి పేర్లు శిలాఫలకాల మీద, వార్షిక నివేదికలలో శాశ్వతంగా నిలిచి ఉంటాయి. అయితే ఉదయాన్నే ప్రయోగశాల తలుపు తీసి, ద్రావణాలు కలిపి, సీసాలకు చీటీలు అంటించి, నలభైమంది పిల్లల ముందు నలభై పరీక్షనాళికలు శుభ్రంగా అమర్చిన వ్యక్తి పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా కనిపించదు. ల్యాబ్ అటెండరు, వర్క్‌షాపు మెకానిక్కు, నేటి కాలంలో కంప్యూటరు గది నిర్వాహకుడు – వీరందరినీ కలిపి ‘బోధనేతర సిబ్బంది’ అని వ్యవహరించడం ఆనవాయితీ. వారు ఏమి కారో చెప్పే పేరే గాని, వారు ఏమిటో చెప్పే పేరు కాదు అది.

ఇటువంటి ఉద్యోగులు తమకొక పేరును, ఒక వృత్తిగౌరవాన్ని, ఒక సంఘాన్ని ఎట్లా సంపాదించుకొన్నారో తెలుసుకోవడం బరంపురం వాసులకు ప్రత్యేకంగా అవసరం. ఏమంటే, భారత కార్మికోద్యమ నిర్మాతలలో అగ్రగణ్యుడైన వరాహగిరి వేంకటగిరి 1894 ఆగస్టు 10న జన్మించినది ఈ పట్టణంలోనే, ఒక తెలుగు కుటుంబంలోనే.

గంజాం జిల్లాలో ఆధునిక విద్య చాలా ముందుగానే పాదుకొన్నది. 1856లో పాఠశాలగా ఆరంభమైన బరంపురం విద్యాలయం 1878లో కళాశాల స్థాయిని అందుకొని, ఖల్లికోట రాజావారి వదాన్యత వలన ఖల్లికోట కళాశాలగా ప్రసిద్ధి చెందింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. ఆ తరువాత పాలనాభాష మారింది. 1955లో ఒరిస్సా మాధ్యమిక విద్యామండలి ఏర్పడి పరీక్షల వ్యవస్థ మారింది. 1967 జనవరి 2న బరంపురం విశ్వవిద్యాలయం వెలసింది. ఈ మార్పులన్నిటి నడుమ తెలుగు మాధ్యమ పాఠశాలలు తమ భాషను కాపాడుకొంటూ వచ్చాయి.

1964–66 నాటి కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ల చదువులో విజ్ఞానశాస్త్రం, గణితం అందరికీ తప్పనిసరి కావాలని సిఫారసు చేసింది. విజ్ఞానశాస్త్రం అందరికీ అన్నప్పుడు ప్రయోగం కూడా అందరికీ కావాలి. ప్రయోగం అందరికీ కావాలంటే దానిని సిద్ధం చేసే చేతులు కావాలి. మొదటి మాట ప్రణాళికలలోకి ఎక్కినంత వేగంగా చివరి మాట ఎక్కలేదు.

ఆ చేతులు చేసే పని చిన్నదనుకోవడం పొరపాటు. దండాయస్కాంతాలను విజాతి ధ్రువాలు పక్కపక్కన ఉండేట్లు జతగా పెట్టి, రెండు కొసలా మెత్తని ఇనుపముక్కలు ఆనించకపోతే అవి క్రమంగా బలం కోల్పోతాయి. సోడియం లోహాన్ని కిరసనాయిలులోనే ఉంచాలి. సిల్వర్ నైట్రేటు వెలుతురు తగిలితే చెడుతుంది గనుక గోధుమరంగు సీసాలో దాచాలి. గంధకామ్లాన్ని పలుచన చేయవలసి వస్తే ఆమ్లాన్నే కొద్దికొద్దిగా నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు; పోస్తే పుట్టే వేడికి ఆమ్లం చిమ్మి ముఖం మీద పడుతుంది. సముద్రం సమీపంలో ఉన్న బరంపురంలో తేమ వలన తూనికరాళ్లకు చిలుము పడుతుంది, సూక్ష్మదర్శిని కటకాలకు బూజు పడుతుంది. వీటిలో ఏ ఒక్కటి మరచినా పరికరం పాడవుతుంది, లేదా పిల్లవానికి ప్రమాదం కలుగుతుంది.

తెలుగు మాధ్యమ పాఠశాలలో దీనికి తోడు మరొక బాధ్యత ఉన్నది. సీసా మీది చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని పేరు తెలుగులో ఉంటుంది. దుకాణం నుండి సరుకు తెచ్చేటప్పుడు మాట్లాడేది ఒడియాలో. ఈ మూడు పేర్లూ ఒకే వస్తువువని ఎరిగి, పొరపాటు జరగకుండా చూచే వ్యక్తి ప్రయోగశాలలో ఉండడం పాఠశాలకు పెద్ద అండ. ఆ జ్ఞానం ఎక్కడా రాసిపెట్టబడి ఉండదు. ఆయన పదవీ విరమణ చేసిన నాడు ఆయనతోపాటే వెళ్లిపోతుంది. తరువాత వచ్చినవారికి బీరువా తాళంచెవి అందుతుంది గాని లోపలి విషయం అందదు. ఎన్నో పాఠశాలలలో పరికరాలు బీరువాలలోనే వృద్ధాప్యం పొందడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇటువంటి పనిని సమాజం ఎట్లా విలువ కట్టిందో తెలుసుకోవడానికి న్యాయస్థానాల తీర్పులు మంచి సాక్ష్యాలు. 1963లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి, అక్కడి ఒక బస్సు డ్రైవరుకు నడుమ వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు విద్యాసంస్థ ‘పరిశ్రమ’ కాదని తీర్పు చెప్పింది. విద్యాసంస్థలో ప్రధానమైన పని ఉపాధ్యాయులదేననీ, క్రిందిస్థాయి ఉద్యోగుల పాత్ర స్వల్పమైనదనీ న్యాయస్థానం భావించింది. దానితో కార్మికులకు ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టపు రక్షణ ఆ ఉద్యోగులకు దూరమైంది. పదిహేనేళ్ల తరువాత, 1978 ఫిబ్రవరిలో, బెంగుళూరు నీటిసరఫరా సంస్థ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. విద్యాసంస్థలు కూడా పరిశ్రమ నిర్వచనంలోకి వస్తాయని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తమ తీర్పులో వివరించారు. 1988లో మరొక తీర్పులో ఉపాధ్యాయులు మాత్రం ఆ చట్టం చెప్పిన ‘కార్మికుడు’ అనే నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఆ విధంగా పాతికేళ్లలో పరిస్థితి తారుమారైంది. తరువాత 2020లో పార్లమెంటు కార్మిక చట్టాలను తిరగరాసి నిర్వచనాలను మార్చింది. ఏది ఎట్లున్నా, వారి పాత్ర స్వల్పమన్న 1963 నాటి భావన తీర్పుల నుండి తొలగినంత సులువుగా మనసుల నుండి తొలగలేదు.

మనసులను మార్చగలిగేది సంఘటిత కృషి ఒక్కటే అని గిరిగారి జీవితం తెలుపుతుంది. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్లిన ఆయన అక్కడి జాతీయోద్యమాన్నీ, కార్మికోద్యమాన్నీ దగ్గరగా చూచి 1916లో స్వదేశానికి తిరిగివచ్చారు. బరంపురం మీదుగా సాగే రైలుమార్గం నాడు బెంగాల్–నాగపూర్ రైల్వేది. ఆ రైల్వేలోని ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, వర్క్‌షాపు కార్మికులు – అంటే రైలు నడవడానికి కావలసిన సాంకేతికపు పని చేస్తూ ప్రయాణికుల కంటికి కనిపించనివారు – ఆయన నాయకత్వాన సంఘటితులయ్యారు. 1928లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా వారు జరిపిన సమ్మె అహింసాయుత మార్గంలో సాగి చరిత్రకెక్కింది. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు గిరిగారు అధ్యక్షులయ్యారు. స్వతంత్ర భారతంలో కేంద్ర కార్మికమంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల వివాదంపై ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో పదవికి రాజీనామా చేశారు. వివాదాలను పైవారి తీర్పులకు వదలకుండా, బలమైన సంఘం, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుండి పరిష్కరించుకోవాలన్న ఆయన సిద్ధాంతం ‘గిరి విధానం’ అనే పేరుతో ప్రసిద్ధమైంది. 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతి పదవిని అలంకరించిన ఆ మహనీయుని పేర పట్టణంలో గిరి రోడ్డు ఉన్నది.

సంఘం అనగానే జీతాల కోరిక, సమ్మె మాత్రమే స్ఫురించడం మన అలవాటు. జీతం అడగడం తప్పు కాదు. కాని వృత్తిసంఘం చేయగలిగిన పని అంతకంటె విశాలమైనది. దీనికి ఇంగ్లండు పాఠశాలల అనుభవం చక్కని నిదర్శనం. అక్కడ పురుష విజ్ఞానోపాధ్యాయుల సంఘం, మహిళా విజ్ఞానోపాధ్యాయుల సంఘం 1963లో ఏకమై ‘అసోసియేషన్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్’గా రూపొందాయి. కాలక్రమాన ఆ సంస్థ ప్రయోగశాల సహాయకులను కూడా సభ్యులుగా చేర్చుకొన్నది. అదే 1963లో స్థానిక విద్యాధికార సంస్థలు కొన్ని కలిసి ‘క్లీప్స్’ అనే సంస్థను నెలకొల్పాయి. ఏ రసాయనంతో ఏ ప్రమాదం, దానిని ఎట్లా నిలువచేయాలి, ఒలికితే ఏమి చేయాలి అనే వివరాలను కార్డులుగా అచ్చువేసి పాఠశాలలకు పంపడం, సందేహం వచ్చినప్పుడు సమాధానం చెప్పడం, సహాయకులకు శిక్షణ ఇవ్వడం ఆ సంస్థ పనులు.

ఈ వృత్తి పరిస్థితిపై 2001లో రాయల్ సొసైటీ, అసోసియేషన్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ కలిసి ఒక సర్వే జరిపించాయి. న్యూటన్ మహాశయుడు అధ్యక్షత వహించిన రాయల్ సొసైటీ పాఠశాలలోని ల్యాబ్ సహాయకుల సంగతి పట్టించుకోవడం గమనించదగినది. తక్కువ జీతం, పదోన్నతికి దారి లేకపోవడం, శిక్షణకు అవకాశం కొరవడడం అక్కడ కూడా ఉన్నాయని ఆ సర్వే తేల్చింది. మరుసటి సంవత్సరం వెలువడిన నివేదిక వారికి క్రమబద్ధమైన పదోన్నతి శ్రేణి ఏర్పరచాలని సూచించింది. ఇందులోని సారం ఒక్కటే: సహాయకుడు బాగుంటేనే ప్రయోగం జరుగుతుంది, ప్రయోగం జరిగితేనే పిల్లవానికి విజ్ఞానం వంటబడుతుంది. అందుచేత సహాయకుని సంఘం పిల్లవాని సంఘం కూడా.

కంప్యూటరు యుగం ఈ సత్యాన్ని మరింత స్పష్టపరచింది. భారత ప్రభుత్వం 1984–85లో ‘క్లాస్’ అనే పథకం క్రింద ఎంపిక చేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను అందజేసింది. 2004 డిసెంబరులో ‘ఐసీటీ ఎట్ స్కూల్’ పథకం వచ్చింది. పెట్టెలు వచ్చాయి, బల్లలు వచ్చాయి. వాటిని నిలబెట్టే మనిషి మాత్రం పలుచోట్ల ఒప్పందపు ఉద్యోగిగానే వచ్చాడు. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలలో ఐదేళ్ల ఒప్పందం మీద కంప్యూటరు విద్య ఆరంభమైంది. 2013లో ఒప్పందం ముగియగానే అందులో పనిచేసిన శిక్షకులు ఉపాధి కోల్పోయి, సంఘాలుగా ఏర్పడి తమ గోడు వినిపించుకోవలసి వచ్చింది. పని నేర్చిన మనిషి వెళ్లిపోయాక యంత్రం ఎన్నాళ్లు నడుస్తుంది? సంఘం పనిలో ఉన్ననాడే ఉండవలసినది. పని పోయిన తరువాత కట్టుకొన్న సంఘం ఇల్లు కాలుతుండగా త్రవ్విన బావి వంటిది.

గంజాం జిల్లాకు ఈ విషయంలో మరొక హెచ్చరిక ప్రకృతి నుండే వచ్చింది. 1999 అక్టోబరులో రెండు తుపానులు రాష్ట్రాన్ని తాకగా, వాటిలో మొదటిది గంజాం తీరాన్నే అతలాకుతలం చేసింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన తీరం దాటి ఇరువైపుల జిల్లాలనూ దెబ్బతీసింది. ఇటువంటి వేళ తడిసిన యంత్రాన్ని ఆరకముందే కరెంటుకు తగిలించరాదనీ, పగిలిన ఆమ్లపు సీసా ఉన్న గదిలోకి పిల్లలను పోనీయరాదనీ తెలిసిన మనిషి ఒక్కడున్నా పాఠశాలకు నష్టం సగం తప్పుతుంది. ఒక్కొక్క పాఠశాలలో ఒక్కొక్కరుగా ఉన్న అటువంటివారు ఒకరినొకరు ఎరిగి ఉంటే, ఒక పాఠశాలలో నేర్చినది పది పాఠశాలలకు పనికివస్తుంది.

అటువంటి కలయికకు మహా ధనం అవసరం లేదు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఏడుగురు కలిస్తే ఒక సంఘాన్ని నమోదు చేసుకోవచ్చునన్నది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కూడా మొదట ఏడుగురితోనే తృప్తిపడింది. ఏడు పాఠశాలల నుండి ఏడుగురు కూర్చుంటే చేయగల పనులు ఎన్నో ఉన్నాయి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పేర్లతో రసాయనాల పట్టిక తయారుచేయవచ్చు. పరికరాల మరమ్మతుకు నెలకొక రోజు కలుసుకోవచ్చు. పదవీ విరమణ చేయబోయేవారి అనుభవాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించవచ్చు. ఇంజనీర్లుగా, వైద్యులుగా, శాస్త్రజ్ఞులుగా స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఏటా ఒక దినం ఇటువంటి కార్యానికి కేటాయిస్తే, కొత్త పరికరం కొనిచ్చిన దానికంటె గొప్ప దానమవుతుంది. పాఠశాల ప్రయోగశాలను చూడవచ్చిన తల్లిదండ్రులు అక్కడ ఎన్ని పరికరాలున్నాయని అడిగిన తరువాత, వాటిని చూచుకొనేవారెవరని కూడా అడగడం అవసరం.

బరంపురం పట్టుచీరకు పేరు పొందిన ఊరు. చీర అందం చూచి మెచ్చుకొనేవారికి దాని అంచే కనిపిస్తుంది. ఆసు పోసిన చేయి, కండెలు చుట్టిన చేయి కనిపించవు. అయినా ఆ చేతులు ఆగితే మగ్గం ఆగుతుందని నేతవాడల పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. చదువు కూడా అటువంటి నేతయే. ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ స్థాపకులకు, దాతలకు, గురువులకు సమర్పించే కృతజ్ఞతాంజలిలో ప్రయోగశాల తలుపు తీసిన ఆ సహాయకులకు కూడా ఒక పుష్పం ఉండడం ధర్మం. వారి పేర్లు జీతాల పట్టీ నుండి పాఠశాల చరిత్రలోకి చేరిననాడు ఆ చరిత్ర సమగ్రమవుతుంది.