పిచ్చాసుపత్రి నుంచి బాబామెట్ట దాకా

1892. నాగపూర్ పక్కన కామఠీ కంటోన్మెంటు. ఒంటిమీద స్పృహ లేకుండా ఒకాయన వీధులవెంట తిరుగుతున్నాడు. ఒకప్పుడు సిపాయి. వయసు 31. పిల్లలు రాళ్లు రువ్వితే కోపపడడు. ఆ రాళ్లనే ఏరి కుప్ప పోస్తాడని చెప్పుకునేవారు. దొరలు పిచ్చివాడని తేల్చారు. ఆగస్టులో నాగపూర్ పిచ్చాసుపత్రి గేటు ఆయన వెనక మూసుకుంది.

ఆయన పేరు తాజుద్దీన్.

జనం మాత్రం మజ్జూబ్ అన్నారు. దైవధ్యాసలో తనను తాను మరిచినవాడని సూఫీల మాట. తమ కష్టాలు చెప్పుకోవడానికి ఆసుపత్రికే వచ్చారు. పదహారేళ్లు అలాగే గడిచాయి. 1908లో నాగపూర్ రాజా రఘూజీరావు భోంస్లే పూచీపడి విడిపించి, శకర్‌దరాలోని తన మహలుకు తీసుకెళ్లారు. ఫకీరుకు పూచీ నిలిచింది ఒక హిందూ రాజు.

ఆ తాజుద్దీన్ బాబా శిష్యుడే మన విజయనగరం ఖాదర్ వలీ బాబా. బాబామెట్టలోని ఆయన దర్గాకు సాయిబులూ వస్తారు, హిందువులూ వస్తారు.

మన ఉత్తరాంధ్ర ఊళ్లలో బిడ్డ నిద్రపోక తనలో తాను మాట్లాడుకుంటే తల్లి నోట ముందుగా వచ్చే మాట, "గాలి సోకినాది." తాయెత్తు కడుతుంది, దర్గాకు తెస్తుంది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. దర్గాలో ఎవరూ ఆమె బిడ్డను పిచ్చోడని వేలెత్తి చూపరు. అయితే అక్కడితో ఆగిపోతేనే ముప్పు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసిన మనోరోగులు కదల్లేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి.

వైద్యానికి ఇస్లాం అడ్డు కాదు. వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు దుఃఖాన్ని రెండుగా విడదీశాడు. కారణం తెలిసిన దుఃఖానికి ఓదార్పు మాట కావాలన్నాడు. కారణం కనిపించని దుఃఖానికి ఒంటికి మందు కావాలన్నాడు.

మందుకు మనం దూరం పోనక్కర్లేదు. విశాఖ చినవాల్తేరులో 1871 నాటి ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మనోరోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. ఇంట్లోంచే ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు.

అమ్మా, దువా (ప్రార్థన) మానొద్దు. దవా (మందు) కూడా మొదలుపెట్టు. తాయెత్తు కట్టిన చేత్తోనే బిడ్డను డాక్టరు దగ్గరికి నడిపించు.