కొట్టువాడి దాకా వెళ్లిన వార్త

పిల్లలకు పొగాకు అమ్మకూడదన్న చట్టం కొత్తదేమీ కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1883లోనే 16 ఏళ్ల లోపు వారికి అమ్మకాన్ని నిషేధించింది. బ్రిటన్ 1908 నాటి బాలల చట్టంలో అదే మాట రాసుకుంది. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఈ చట్టాలు హాయిగా నిద్రపోయాయి. దొంగతనాలు, తాగుబోతుల గొడవలు ఉండగా పిల్లాడి చేతిలోని సిగరెట్టు పెట్టె పోలీసులకేం పట్టింది? "నాన్న తెమ్మన్నాడు" అంటే కొట్టువాడికి చాలు. పత్రికలకు అందులో వార్త కనబడలేదు.

ఆ వార్తను పుట్టించింది 11 ఏళ్ల పాప. జోసెఫ్ డిఫ్రాంజా అనే వైద్యుడు, ఆయన సహచరులు మసాచుసెట్స్‌లో ఆ పాపను సిగరెట్లు కొనడానికి పంపారు. 100 ప్రయత్నాల్లో 75 సార్లు కొట్టువాళ్లు ఇచ్చేశారు. 1987లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఈ లెక్క అచ్చయింది. ఇందులో పెద్ద ఖర్చేముంది? సిగరెట్ల వెల, తిరగడానికో బండి. అంతవరకూ పొగాకు వ్యతిరేక ప్రచారమంటే ఎక్కువగా బడిపిల్లలకు పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి భయపెట్టడమే, తప్పంతా పిల్లలదే అన్నట్టు. ఈ ఒక్క అంకెతో ప్రశ్న గల్లాపెట్టె వైపు తిరిగింది.

దాన్నే ఒక జిల్లా మొత్తానికి ప్రచారంగా మలిచింది కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు డేవిడ్ ఆల్ట్‌మన్ బృందం 14 నుంచి 16 ఏళ్ల పిల్లలు 18 మందిని 412 దుకాణాలకు పంపింది. 74 శాతం దుకాణాలు అమ్మేశాయి. డబ్బులు వేస్తే సిగరెట్లు రాల్చే యంత్రాలు 30 చూస్తే, అన్నీ ఇచ్చాయి. యంత్రం వయసు అడగదు కదా! తర్వాత ఆరు నెలల పాటు స్థానిక పత్రికలకూ టీవీకీ వార్తలు అందించారు, దుకాణదారులకు చట్టం గురించి చెప్పారు, ఊళ్లోని సంఘాలను కదిలించారు. గొలుసు దుకాణాల అధిపతులను నేరుగా కలిశారు. నా మటుకు అన్నింట్లోకీ తెలివైన పని ఇదే. పైన కూర్చున్న ఒక్క మనిషికి పరువు భయం పట్టుకుంటే కింద అనేక కౌంటర్లకు ఆదేశం వెళుతుంది. 1989లో వెలువడిన ఫలితం చూస్తే, అమ్మే దుకాణాలు 39 శాతానికి దిగాయి.

ఈ కథను ఇక్కడితో ఆపేసి మెచ్చుకునేవాళ్లు చాలామంది. కానీ అదే బృందం ఏడాదికి మళ్లీ వెళ్లి చూసింది. అంకె 59కి ఎగబాకింది. వార్త పాతబడింది, కౌంటర్లో పాత అలవాటు తిరిగొచ్చింది.

ఉత్తర కాలిఫోర్నియాలో నాలుగు ఊళ్ల మీద జరిగి 1991లో అచ్చయిన మరో అధ్యయనం ముడి విప్పింది. చెప్పి చూస్తే అమ్మే దుకాణాల శాతం 72 నుంచి 62కు తగ్గింది, అంతే. పోలీసులు జరిమానా చీటీలు రాయడం మొదలుపెట్టాక 21కి పడిపోయింది. అలాగని ప్రచారం వృథా అనలేం. చర్య తీసుకోవాలన్న ఒత్తిడిని ఊళ్లో పుట్టించింది ప్రచారమేనని ఆ పరిశోధకులే రాశారు. వార్త చదివిన తల్లి ఊరుకోదు, ఆమె ఊరుకోకపోతే పోలీసు అధికారీ ఊరుకోలేడు. చవక ప్రచారం అసలు బలం ఇక్కడుంది. చర్య నిలకడగా సాగితే ఏమవుతుందో మరో ఊరు చూపింది. ఇల్లినాయ్‌లోని వుడ్‌రిడ్జ్ అనే చిన్న పట్టణం 1989లో సిగరెట్ల అమ్మకానికి లైసెన్సు పెట్టి, పిల్లలను పంపి తరచూ తనిఖీ చేయించింది. 70 శాతంగా ఉన్న అమ్మకాలు ఏడాదిన్నరలో 5 శాతం లోపుకు వచ్చాయి.

పొగాకు కంపెనీలు చూస్తూ కూర్చోలేదు. 1990లో వాటి సంఘం "ఇది చట్టం" అంటూ దుకాణాల్లో అంటించే స్టిక్కర్లతో తన ప్రచారం తనే ఎత్తుకుంది. డిఫ్రాంజా దాన్నీ పరీక్షించాడు. చూసిన 156 దుకాణాల్లో పథకంలో చేరినవి నూటికి 5 కూడా లేవు. చేరినవాటిలో 86 శాతం, చేరనివాటిలో 88 శాతం పిల్లలకు అమ్మడానికి సిద్ధపడ్డాయి. స్టిక్కరు కంపెనీల పరువు కాపాడింది, పిల్లలను కాదు.

1992లో అమెరికా ప్రతినిధుల సభలో ఓక్లహోమా సభ్యుడు మైక్ సైనార్ పేరుతో వచ్చిన సవరణ తనిఖీని దేశమంతటికీ విధి చేసింది. చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి, అమ్మకాలు 20 శాతం లోపుకు తేవాలి. లేదంటే రాష్ట్రానికి కేంద్రమిచ్చే నిధుల్లో కోత. 1997లో దేశ సగటు 40 శాతం దగ్గరుంటే, 2010 తర్వాత 10 లోపుకు వచ్చింది.

ఇంతా చేస్తే, 1997లో నాన్సీ రిగోటి బృందం ప్రచురించిన మసాచుసెట్స్ అధ్యయనం చేదు నిజం చెప్పింది. 82 శాతం దుకాణాలు చట్టం పాటించినా పిల్లల పొగతాగుడు తగ్గలేదు. అమ్మే కొట్టు ఊళ్లో ఒక్కటి మిగిలినా దారి పిల్లలకు తెలుస్తుంది. పెద్ద స్నేహితుడుంటే అదీ అక్కర్లేదు.

పొగాకు బోర్డు కార్యాలయం గుంటూరులో, వేలం కేంద్రాలు ఒంగోలులో పెట్టుకున్న మనకు ఇది పరాయి కథ కాదు. 2003 నాటి మన చట్టం 18 ఏళ్ల లోపు వారికీ, విద్యాసంస్థకు 100 గజాల లోపునా అమ్మకూడదంటుంది. తప్పితే జరిమానా 200 రూపాయల దాకా. పిల్లలకు అమ్మితే పడే శిక్షను 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏడేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పెంచింది. కొట్టు ముందు ఈ నిషేధం చెప్పే బోర్డు, కనీసం 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లది, ఉండాలని నియమం. మన బడ్డీకొట్టులో, పాన్‌డబ్బాలో సిగరెట్టు విడిగా అమ్ముతారు కాబట్టి పెట్టె మీది హెచ్చరిక బొమ్మ కూడా పిల్లాడి కంట పడదు. 2019 జాతీయ సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం ఏదో రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది.

శాంటా క్లారా ఫలితం వచ్చిన 1989లోనే ఈనాడు పత్రిక జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. వీధి కొళాయి దాకా వార్తయ్యే ఆ పేజీల కంటే చవకైన, దగ్గరైన ప్రచార సాధనం మనకు లేదు. పొగాకు వ్యతిరేక దినం మే 31 రాగానే వాటిలో ర్యాలీ ఫొటోలు వస్తాయి, మర్నాడు మరచిపోతాం. విలేకరులు పిల్లలను కొట్లకు పంపాలని నేననను. జిల్లాలో నిరుడు 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మినందుకు ఎన్ని కేసులు పెట్టారో అడిగి అచ్చువేయండి, ఆరు నెలలకు మళ్లీ అడగండి. జిల్లా కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు.