దీన్‌దయాళ్ సెలవు పెట్టాడా?

ఉద్యోగం మానేసి పెళ్లిళ్ల ఫోటోలు తీస్తానని ఇంట్లో చెప్పిన రోజు, నాన్నతో వాదించడానికి నా పక్షాన ఒకే ఒక్క పెద్దమనిషి ఉన్నాడు. రాజా దీన్‌దయాళ్. "ఆయనా నీలాగే ఇంజనీరింగ్ చదివాడు నాన్నా. సర్కారు కొలువు. అది వదిలేసి కెమెరా పట్టుకున్నాడు. హైదరాబాద్ వచ్చి నిజాం చేత రాజా అనిపించుకున్నాడు" అన్నాను. నాన్న ముప్పై ఏళ్లు ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైరైన మనిషి. పేపరు మడిచి పక్కన పెట్టి, "అంతా బానే ఉందమ్మా. ముందు సెలవు పెట్టాడా, నేరుగా రాజీనామా చేశాడా?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. అంత పెద్ద మనిషిని తెచ్చి ఎదురుగా నిలబెడితే లీవు లెటర్ సంగతి అడుగుతాడేంటి అనుకున్నాను. జవాబు నాకు తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తర్వాత ఏడేళ్లు అదే కథని అలాగే చాలామందికి చెప్పాను. వర్క్‌షాపుల్లో, పెళ్లి భోజనాల దగ్గర, సలహా కోసం ఫోన్ చేసిన పిల్లలకి.

పోయినేడాది ఒకమ్మాయి వచ్చింది. "మీ మాటలు విన్నాకే ధైర్యం వచ్చిందక్కా. బ్యాంకులో మానేశాను" అంది. అప్పటికి మూఢం ఇంకో వారంలో ఉంది. మా పనిలో మూఢమంటే ఏమిటో తనకి తెలీదు. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కంటికి కనపడకపోతే ముహూర్తాలుండవు, ముహూర్తాల్లేకపోతే మాకు పనుండదు. వెనకే ఆషాఢం వస్తే ఇక చెప్పక్కర్లేదు. తనకి ఇవ్వడానికి నా దగ్గర పని లేదు. ఐదో నెలలో, మునుపటికంటే తక్కువ జీతానికి ఇంకోచోట చేరిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది. ఆ తర్వాతే నేను కూచుని దీన్‌దయాళ్ జీవితాన్ని తేదీల వారీగా చదివాను.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకుని, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో చేరాడు. హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. అంటే కట్టబోయేదానికి ఎంత ఖర్చవుతుందో లెక్కవేయడం, ప్లాన్లు గీయడం. కెమెరా చేతికొచ్చింది 1874లో, ఉద్యోగంలో ఎనిమిదేళ్లు గడిచాక.

అప్పట్లో ఫోటో తీయడమంటే చిన్నపాటి రసాయనశాలని వెంటేసుకుని తిరగడం. గాజు పలక మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, వెంటనే డెవలప్ చెయ్యాలి. ఆరిపోతే ఆ పలక పనికిరాదు. ఊరు దాటి వెళితే చీకటి డేరా, మందుల సీసాలు, పలకల పెట్టెలు అన్నీ మోయించుకుని పోవాలి. వెనకాల నెల జీతం లేని కొత్తవాడు దిగగలిగే పని కాదది.

దీన్‌దయాళ్‌కి జీతం ఉంది. తర్వాత ఆదరణా దొరికింది. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న హెన్రీ డేలీ ప్రోత్సహించారు. 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పర్యటన ఫోటోలు తీశాడు. దాదాపు ఆ రోజుల్లోనే ఇండోర్‌లో స్టూడియో పెట్టాడు. ఇవన్నీ కొలువులో ఉండగానే. 1880ల మొదట్లో, డేలీ తర్వాత వచ్చిన లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి పాత కోటల్నీ గుళ్లనీ తీశాడు. ఆ పని పూర్తిచేయడానికి రెండేళ్లు సెలవు పెట్టాడు.

ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. నాన్న అడిగినదానికి జవాబు ఇదే. సెలవు పెట్టాడు.

ఆ ఫోటోల్లో 86 గ్రిఫిన్ పుస్తకంగా 1886లో అచ్చయ్యాయి. సెలవు ముగిశాకే దీన్‌దయాళ్ ప్రభుత్వోద్యోగం నుంచి తప్పుకుని పూర్తిగా ఫోటోగ్రాఫర్ అయ్యాడు. అప్పటికి వయసు నలభై దాటింది, కెమెరా పట్టి పదేళ్లు దాటింది. దాదాపు ఇరవై ఏళ్లు గోడలకీ వంతెనలకీ ఎస్టిమేట్లు వేసినవాడు తన బతుక్కీ ఒకటి వేసుకున్నాడనుకుంటాను. నేను చెప్పే కథలో మాత్రం ఒకరోజు పొద్దున్నే రాజీనామా చేసేసేవాడు. ఆ పదేళ్లూ తీసేసి, మిగిలిన దానికి ధైర్యం అని పేరు పెట్టాను.

కొలువు వదిలాక స్వేచ్ఛ వచ్చిందన్న మాటా అంత సూటిగా లేదు. 1880ల రెండో సగంలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా దర్బార్లూ, వేటలూ, మహళ్లూ, ప్రముఖుల రాకపోకలూ తీశాడు. 1894లో నిజాం రాజా బిరుదిచ్చాడు, ముసవ్విర్ జంగ్ అన్నాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో, 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్. గొప్పే. కానీ ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, ఏ గది చూపించాలో చెప్పేవాళ్లు పైన ఎప్పుడూ ఉన్నారు. ఆఫీసు పోయి దర్బారు వచ్చింది. నాకు మేనేజర్ పోయి పెళ్లికొడుకు మేనమామ వచ్చినట్టు. జీలకర్ర బెల్లం క్షణంలో కెమెరాకి అడ్డంగా నిలబడేదీ ఆయనే, ఆల్బమ్ బాకీ గురించి ఫోన్ చేస్తే ఎత్తనిదీ ఆయనే.

కథలోంచి నేను తీసేసింది పదేళ్లే కాదు, మనుషుల్ని కూడా. అంత పెద్ద స్టూడియో ఒక్కడి చేతుల మీద నడవదు. పలకలు కడిగేవాళ్లు, ప్రింట్లు తీసేవాళ్లు, రీటచ్ చేసేవాళ్లు ఉండాలి. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా ఆ పనిలోనే ఉన్నారు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ఎత్తైన గోడల మధ్య ఒక జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. చరిత్రలో ఆమె మిసెస్ కెన్నీ-లెవిక్‌గా మిగిలింది. బయట ఎంత పేరున్నా దీన్‌దయాళ్ అడుగుపెట్టలేని గది అది. ఆయన పేరు మీద పని జరగాలంటే ఆమె ఉండాలి. ఇప్పటికీ పెళ్లికూతురిని ముస్తాబు చేసే గదిలోకి "లేడీ ఫోటోగ్రాఫర్ ఉందా?" అని అడిగే పిలుస్తారు. నాకు మొదట్లో పని దొరికింది ఆ తలుపు దగ్గరే. ఫోటోలు చూసి ఎవరూ పిలవలేదు, ఆడమనిషినని పిలిచారు. ఇదీ నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పనిది ఇంకోటుంది. మొదటి రెండేళ్లు మా ఇంటి అద్దె కట్టింది నాన్న పెన్షన్.

దీన్‌దయాళ్ 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 1989లో కొన్నారు. వాటి ప్రింట్లు చూస్తే నాకిప్పుడు ముందు కనపడేది నిటారుగా నిలబడ్డ స్తంభాలు, ఎటూ ఒరగని గోడలు. ఇండోర్ ఆఫీసులో స్కేలు పట్టుకుని గీతలు గీసిన చెయ్యి అది. వదిలేసి వచ్చానన్న పని ఆయన వెంటే వచ్చింది.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. తను నవ్వి, "ఆదివారం ముహూర్తాలుంటే చెప్పండక్కా" అంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో నాతో వస్తోంది. ఎప్పుడు మానేస్తావని నేను అడగను.

నాన్నకీ చెప్పాను, ఇన్నేళ్లకి. "సెలవే పెట్టాడు నాన్నా, రెండేళ్లు."

నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. "ఎస్టిమేటర్ కదమ్మా" అన్నాడు.