నవ్వుల నవల ఆటగా మారిన వేళ

అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊ కొట్టేవాళ్ళం, గుర్తుందా? ఊ ఆగితే కథ ఆగేది. అంతకు మించి కథలో మన ప్రమేయం లేదు. రాజకుమారుడు ఎటు వెళ్ళాలో అమ్మమ్మే నిర్ణయించేది. ఆ నిర్ణయం వినేవారి చేతికే ఇస్తే? అందులోనూ అది హాస్యకథ అయితే?

‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ రేడియోలోనే పుట్టింది. ఇంగ్లండు రచయిత డగ్లస్ ఆడమ్స్ రాసిన ఈ ధారావాహికను 1978 మార్చిలో బి.బి.సి. రేడియో 4 ప్రసారం చేయడం మొదలుపెట్టింది. 1979లో అది నవల అయింది. అంతరిక్షంలో రహదారికి అడ్డమని భూమినే కూల్చేస్తారు. ఆర్థర్ డెంట్ అనే సామాన్యుడు కట్టుబట్టలతో, అంటే డ్రెస్సింగ్ గౌనుతో, మిగిలిపోతాడు.

ఆ రోజుల్లో అమెరికాలో ఇన్ఫోకామ్ అనే సంస్థ బొమ్మలు లేని కంప్యూటర్ ఆటలు తయారుచేసేది. తెర మీద అక్షరాలే. దీపం వెలిగించమనో, తలుపు తియ్యమనో మీరు ఇంగ్లీషులో టైపు చేస్తే, జరిగినదేమిటో కంప్యూటరు మాటల్లో చెబుతుంది. ఆ సంస్థకు చెందిన స్టీవ్ మెరెట్స్కీతో కలిసి ఆడమ్స్ 1984లో తన నవలను అలాంటి ఆటగా మలిచారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. నవల చదివినవారికి కథ ముందే తెలుసు. ఇక ఆడడానికి ఏముంటుంది?

వారు చేసిన ఉపాయం చూడండి. నవలలో ఒక చేప ఉంది. దాన్ని చెవిలో పెట్టుకుంటే ఏ భాషైనా అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష మాట్లాడే మనకు ఆ చేప విలువ ఒకరు చెప్పనక్కరలేదు. నవలలో స్నేహితుడు దాన్ని ఆర్థర్ చెవిలో పెట్టేస్తాడు, అంతే. ఆటలో మాత్రం యంత్రం మీట మీరే నొక్కాలి. చేప ఎగిరివచ్చి గోడ కన్నంలో దూరిపోతుంది. కన్నానికి అడ్డంగా గౌను తగిలిస్తే తూములోకి జారుతుంది. తూము మీద తువ్వాలు కప్పితే, గది శుభ్రం చేసే మరమనిషి వచ్చి ఎత్తుకుపోతుంది. ఎందరో ఇక్కడే చతికిలబడ్డారు. చేపను సాధించినవారు గర్వంగా తొడుక్కోవడానికి ఇన్ఫోకామ్ టీషర్టులు కూడా అమ్మింది!

నవల చదువుతూ ఆర్థర్‌ను చూసి నవ్వాం. ఆటలో మనమే ఆర్థర్. మీ దగ్గర ఏమేమి ఉన్నాయని అడిగితే, ఆ జాబితాలో ‘టీ లేదు’ అన్నది కూడా ఒక వస్తువే! ఒక ఘట్టంలో టీ ఉండాలి, టీ లేకపోవడమూ ఉండాలి, రెండూ ఒకేసారి.

ఇందులో నష్టమూ లేకపోలేదు. మొదట్లో చేసిన చిన్న పొరపాటు ఎంతోసేపటి తరువాత ఆటనే చెడగొడుతుంది. మళ్ళీ మొదటినుంచి ఆడాలి. పదోసారి చదివిన చమత్కారానికి నవ్వెలా వస్తుంది?

ఆడమ్స్ 2001లో కన్నుమూశారు. 2004లో బి.బి.సి. రేడియో 4 ఆ ఆటను బొమ్మలు చేర్చి ఇంటర్నెట్‌లో పెట్టింది. రేడియో వాకిట పుట్టిన కథ ఆ వాకిటికే తిరిగివచ్చింది.

మన కథలను కొత్త రూపాల్లోకి తేవాలనుకునేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. సంఘటనలను ఉన్నవి ఉన్నట్లు దించితే చాలదు. ఊ కొట్టేవారికి కథలో చోటు ఇవ్వాలంటే, కథ చెప్పేవారు తమ చోటు కొంత వదులుకోవాలి.