కంచు విగ్రహము - కరగిన మైనము



మనలో పలువురు గోదావరీ మండలములనుండి ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడిన ఈ పటాన్‌చెరు, పూర్వము పొట్టలకెరె యను పేర కల్యాణి చాళుక్యుల రాజధానులలో నొకటిగా ప్రసిద్ధి వహించెను. 11వ శతాబ్దమున రెండవ జయసింహుడు ఇచటినుండి రాజ్యమేలెను. ఆతని మునిమనుమడగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించి, అందు లోహవిగ్రహములను పోతపోయు విధానమును గూడ విశదపరచెను. మన కులమువారు నెలకొల్పిన యొక కంచు విగ్రహమును గూర్చి ముచ్చటింపబూని, ఆ విధానమును స్మరించుట అప్రస్తుతము కాదని తలచెదను.

2022 జూలై 4వ తేదీన భీమవరమున అల్లూరి సీతారామరాజుగారి 30 అడుగుల కంచు విగ్రహమును ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు ఆవిష్కరించిరి. ఆ వీరుని 125వ జయంత్యుత్సవములకు అదియే ప్రారంభము. విగ్రహపు తూకము 15 టన్నులు. వ్యయము 3 కోట్ల రూపాయలు. క్షత్రియ సేవాసమితివారు ఈ భారమును వహించిరి. అల్లూరివారి స్వగ్రామమగు మోగల్లు భీమవరమునకు సమీపముననే కలదు; జన్మస్థలము మాత్రము మాతామహుల గ్రామమగు పాండ్రంగి. ఇది మనకు గర్వకారణమే. కాని ఆ గర్వమునకు దగిన యెరుక గూడ మనకుండవలెను.

1882 నాటి మదరాసు అటవీశాసనము కొండవారి పోడు వ్యవసాయమును అరికట్టెను. అడవియే జీవనముగా గల జనులు తమ కొండలయందే అపరాధులైరి. దానికితోడు గూడెము తహసీల్దారగు బాస్టియను రోడ్డుపనులకు వారిచే వెట్టిచాకిరి చేయించెను. ఈ బాధలనుండియే మన్యపు పోరాటము పుట్టినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలు వరుసగా ముట్టడింపబడెను. 26 తుపాకులును, 2500కు పైగా తూటాలును రాజుగారి దండునకు చిక్కెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లాధికారులు హతులైరి. మలబారు పోలీసు దళమును, అస్సాం రైఫిల్సును రప్పించినగాని ప్రభుత్వము ఆ పోరాటమును అణచలేకపోయెను. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజుగారిని కాల్చి చంపిరి. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరములు.

ఇక పోత విధానము. మొదట మైనముతో విగ్రహమును సర్వాంగములతో తీర్చవలెను. మైనమునకు సంస్కృతమున మధూచ్ఛిష్టమని పేరు. తేనె తీయగా మిగిలినదని యర్థము. మైనమును తూచి, దానినిబట్టి లోహము ఎంత కావలెనో నిర్ణయింపవలెను. మైనపు బొమ్మకు వెనుకవైపున గొట్టము నమర్చి, కాల్చిన ఊక, సన్నగా తరిగిన ప్రత్తి, ఉప్పు కలిపి నూరిన మన్నును మూడుమారులు పూసి నీడను ఆరవేయవలెను. పిమ్మట కాచినచో మైనము కరగి వెలువడును. మిగిలిన ఖాళీలో కరగిన లోహమును పోసి, చల్లారిన పిదప మన్నును పగులగొట్టగా విగ్రహము బయటపడును.

చూచువారికి లోహమే కానవచ్చును గాని, దానికి రూపమిచ్చినది మైనము. మన్యమున నట్లు కరగిపోయినవారు కొండజనులు. దండునకు అన్నము పెట్టినవారు, దారి చూపినవారు, జైళ్లలో మ్రగ్గినవారు వారే. రాజుగారి కుడిభుజమగు గాము గంటందొర 1924 జూన్ 7న ప్రాణములర్పించెను. ఆతని తమ్ముడు మల్లుదొర అండమానులో శిక్ష ననుభవించి, 1937లో విడుదలయై, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఈ రెండు పేర్లను తడుముకొనక చెప్పగల పిల్లలు మన యిండ్లలో నెందరు?

మరియొక విషయము. ఊరూర నిలిచిన అల్లూరి విగ్రహములకు చేత విల్లుండుట వాడుక. ఆయన దండు ఠాణాలనుండి తెచ్చుకొన్నవి తుపాకులు. విల్లు కొండవారి యాయుధము. అనగా శిల్పి యెరిగియో యెరుగకయో కొండవారి సొత్తును మన వీరుని చేతనుంచినాడు. విల్లు వారిది యైనప్పుడు విగ్రహము మన యొక్కరిదే యెట్లగును?

అల్లూరి మావాడని మన సభలయందు చెప్పుకొనుట పరిపాటి. అందు దోషము లేదు. కాని ఆయన కులము కొరకు పోరాడలేదు. తన కులమువారు కాని జనుల కొరకు ప్రాణమిచ్చినాడు. ఆయనను మనలో నొకనిగా మాత్రమే జూపితిమేని, ఆయన దాటివచ్చిన హద్దులోనికే ఆయనను మరల ద్రోసినవారమగుదుము. భీమవరపు వేడుకనాడు ప్రధానమంత్రిగారు అల్లూరివారి సోదరుని కుమారునితోపాటు మల్లుదొర కుమారుని గూడ సత్కరించిరి. ఆ ఔచిత్యము ఒక్కనాటితో ముగియరాదు.

కావున సభవారికి నా విన్నపము. ఇకమీదట మన సంఘము ఎచట అల్లూరి విగ్రహమును నిలిపినను, పీఠమున గంటందొర, మల్లుదొరల పేర్లను, వారితోడి కొండజనుల త్యాగమును చెక్కింపవలెను. దాతల పేర్లకే చోటు చాలదందురేని, నావంటి వారి పేర్లను ముందుగా తొలగింపుడు. మైనము నెరిగి కంచును పూజించుటయే మనకు శోభ.

స్వస్తి.