సోషల్ మీడియాలో ఐటీ ఉద్యోగ ఆఫర్: అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా?

‘జావా డెవలపర్లు కావాలి. ఫ్రెషర్లూ అప్లై చేయొచ్చు. వెంటనే జాయినింగ్. రెజ్యూమె ఈ నంబరుకు వాట్సాప్ చేయండి.’

ఐటీ ఉద్యోగం వెతుకుతున్నవారి ఫోన్‌కు ఏదో ఒక గ్రూపు నుంచి ఇలాంటి మెసేజ్ వస్తూనే ఉంటుంది. వీటిలో నిజమైనవీ ఉంటాయి. టెక్నికల్ సిబ్బంది కోసం కంపెనీలు లింక్డ్‌ఇన్, వాట్సాప్, టెలిగ్రామ్‌లలో నేరుగా వెతుకుతున్నాయి. మోసగాళ్లు కూడా అదే దారిలో వస్తున్నారు.

అందుకే ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఉద్యోగ ప్రకటన సోషల్ మీడియాలో కనిపించినా, అది నిజమో కాదో తేల్చుకోవాల్సింది మాత్రం దాని బయటే. అందుకు అవసరమైన ప్రభుత్వ సేవలు చాలావరకు ఫోన్‌లోనే దొరుకుతాయి.

కంపెనీలు అభ్యర్థులను ఎలా వెతుకుతాయి?

రిక్రూటర్లు లింక్డ్‌ఇన్‌లో నైపుణ్యం, అనుభవం, ఊరు వంటి పదాలతో వెతుకుతారు. ‘పైథాన్, ఏడబ్ల్యూఎస్, 3 ఏళ్లు, హైదరాబాద్’ అని కొడితే, ఆ వివరాలు ప్రొఫైల్‌లో రాసుకున్నవారే కనిపిస్తారు. కాబట్టి ‘కష్టపడే తత్వం ఉంది’ అని రాయడం కంటే మీకు వచ్చిన టెక్నాలజీల పేర్లు రాయడం మేలు. డెవలపర్లయితే గిట్‌హబ్‌లో పెట్టిన ప్రాజెక్టులను కూడా చూస్తారు.

లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ను అందరికీ కాకుండా రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. అయితే మీరు ఉద్యోగం మారాలనుకుంటున్న సంగతి ప్రస్తుత కంపెనీకి తెలియకుండా ఉంటుందని లింక్డ్‌ఇన్ పూర్తి హామీ ఇవ్వదు.

కంపెనీ నిజమైనదేనా?

మొదట మెసేజ్‌లోని లింక్‌ను పక్కన పెట్టండి. కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌ను మీరే తెరిచి, కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడండి.

తర్వాత ఈమెయిల్ చిరునామా చూడండి. పెద్ద కంపెనీ పేరు చెప్పి జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపితే అనుమానించాల్సిందే. అసలు పేరు పక్కన ‘జాబ్స్’, ‘హెచ్ఆర్’ లాంటి పదం తగిలించి నకిలీ చిరునామాలు తయారు చేస్తుంటారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగి చూడండి.

చిన్న కంపెనీ, పేరెప్పుడూ వినలేదంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో వెతకండి. మన దేశంలో రిజిస్టరైన ప్రతి కంపెనీకీ 21 అక్షరాలు, అంకెలతో ‘సీఐఎన్’ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. కంపెనీ లెటర్‌హెడ్‌పై ఈ సంఖ్య ఉండాలని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. ఆఫర్ లెటర్‌పై అది లేకపోతే అడగండి. ఉంటే పోర్టల్‌లోని పేరు, చిరునామాతో పోల్చి చూడండి. అయితే అసలు కంపెనీ సీఐఎన్‌నే నకిలీ లెటర్‌పై వేసే అవకాశమూ ఉంది కాబట్టి, ఈమెయిల్, వెబ్‌సైట్ పరిశీలన మానొద్దు.

డబ్బులు అడిగితే?

రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ల్యాప్‌టాప్ డిపాజిట్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్... పేరు ఏదైనా, ఉద్యోగం ఇవ్వడానికి డబ్బులు అడిగితే అక్కడే ఆపేయండి. కన్సల్టెన్సీలు కంపెనీల కోసం మనుషులను వెతికినప్పుడు సాధారణంగా కంపెనీయే ఫీజు ఇస్తుంది.

హైదరాబాద్‌లో ‘బ్యాక్‌డోర్’ అనే మాట చాలామంది వినే ఉంటారు. లక్షల్లో డబ్బు కడితే ఇంటర్వ్యూ లేకుండా ఐటీ ఉద్యోగం, కావాలంటే అనుభవం సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తామంటారు. ఇందులో డబ్బు పోవడంతోనే కథ ముగియదు. కంపెనీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూసి పాత ఉద్యోగాలను సరిపోల్చుకుంటాయి. నకిలీ అనుభవం బయటపడితే చేరిన ఉద్యోగమూ పోతుంది.

కోడింగ్ టెస్ట్ ఫైల్ పంపితే?

సాఫ్ట్‌వేర్ అభ్యర్థులకు ఎదురవుతున్న మరో ముప్పు ఇది. రిక్రూటర్‌నని చెప్పి, ‘ఈ ప్రాజెక్ట్ డౌన్‌లోడ్ చేసి, రన్ చేసి, తప్పు సరిచేయండి’ అంటారు. ఆ కోడ్‌లోనే పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రామ్ దాగి ఉండొచ్చు. కంపెనీ నిజమైనదని తేలేవరకు అలాంటి ఫైళ్లను సొంత ల్యాప్‌టాప్‌లో గానీ, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గానీ రన్ చేయొద్దు.

విదేశీ ఆఫర్ అయితే?

ఇక్కడ పోయేది డబ్బు మాత్రమే కాదు. థాయ్‌లాండ్‌లో ‘డిజిటల్ సేల్స్, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’ ఉద్యోగాలంటూ ఐటీ నైపుణ్యాలున్న యువతకు సోషల్ మీడియా ప్రకటనలతో వల వేస్తున్నారని, వారిని అక్రమంగా సరిహద్దు దాటించి మియన్మార్‌లో బంధిస్తున్నారని భారత విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లో హెచ్చరించింది. అలా వెళ్లినవారితో బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో అక్కడి నుంచి బయటపడిన 549 మంది భారతీయులను రెండు వైమానిక దళ విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

‘ముందు టూరిస్ట్ వీసాపై రండి, వచ్చాక వర్క్ పర్మిట్ ఇప్పిస్తాం’ అంటే వెళ్లొద్దు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు కేంద్రం వద్ద రిజిస్టర్ కావాలి. వారి జాబితా విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉంటుంది. రిజిస్టర్డ్ ఏజెంట్ కూడా అభ్యర్థి నుంచి సర్వీస్ ఛార్జీగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు సంబంధించిన ప్రభుత్వ సంస్థలు. దేశంలోని ఉద్యోగాల కోసం కేంద్ర కార్మిక శాఖ నడిపే ‘నేషనల్ కెరీర్ సర్వీస్’ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు.

ఏ వివరాలు ఇవ్వకూడదు?

రెజ్యూమెలో ఆధార్, పాన్ నంబర్లు, పుట్టిన తేదీ, ఇంటి పూర్తి చిరునామా అవసరం లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఆఫర్ ఖరారయ్యాక గుర్తింపు పత్రం అడిగితే, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ సరిపోతుందేమో అడగండి. దీన్ని యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

మోసపోతే ఏం చేయాలి?

డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారేలోపు ఖాతాలో నిలిపేసే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబర్, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకోండి. ‘నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్’లో కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఛాట్‌లు డిలీట్ చేయొద్దు, నంబర్ బ్లాక్ చేసే ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అవే సాక్ష్యం.

డబ్బు పోలేదు, అనుమానం మాత్రమే ఉందంటే ‘సంచార్ సాథీ’లోని ‘చక్షు’ ద్వారా ఆ కాల్ లేదా మెసేజ్ గురించి తెలపండి. విదేశంలో చిక్కుకుంటే అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. ఇక్కడున్న కుటుంబసభ్యులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

‘ఈరోజే చివరి తేదీ, వెంటనే కట్టండి’ అని తొందరపెట్టడం మోసగాళ్ల పద్ధతి. ఒక్క రోజు ఆగి విచారించుకున్నంత మాత్రాన నిజమైన ఉద్యోగం చేజారిపోదు.