ఓడిపోతూనే దేశాన్ని మార్చినవాళ్లు

బ్రిటన్‌లో రిఫార్మ్ పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ ప్రధాని అవుతాడా, అయితే అక్కడి మనవాళ్ల గతేమిటి అన్న ఆందోళన ఇప్పుడు తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తోంది. ఆ భయంలో న్యాయముంది. అయితే బ్రిటన్‌లోనే బతుకుతూ ఈ దేశ చరిత్ర చదివిన కొద్దీ నాకు ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తోంది. వలసల మీద, పరాయివాళ్ల మీద కోపం రగిల్చిన జనాకర్షక నాయకులు ఇక్కడ ఇంతవరకూ గద్దెనెక్కలేదు. ఎక్కకుండానే గద్దె మీదున్నవాళ్ల చేత తమకు కావలసినవి చేయించుకున్నారు.

ఈ కథలో చాలా భాగం బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న స్మెథిక్ అనే ఫౌండ్రీల ఊళ్లో కనిపిస్తుంది. 1926లో అక్కడ లేబర్ ఎంపీగా గెలిచినవాడు ఆస్వాల్డ్ మోస్లీ. భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు, గొప్ప వక్త. 1929లో మంత్రయ్యాడు. నిరుద్యోగం ముంచుకొస్తుంటే ప్రభుత్వమే పెద్ద ఎత్తున పనులు చేపట్టాలని ప్రణాళిక రాసిచ్చాడు. మంత్రివర్గం దాన్ని పక్కన పడేసింది. 1930లో రాజీనామా చేశాడు. 1932కల్లా నల్లచొక్కాల ఫాసిస్టు పార్టీ పెట్టాడు, ఆ తర్వాత యూదుల మీద విషం కక్కాడు. అతను చెప్పిన బాధ నిజం, చూపించిన శత్రువు అబద్ధం. ఈ రెంటినీ ముడివేసి చెప్పగలగడమే ఇలాంటి నాయకుల అసలు బలం. 1936 అక్టోబరు 4న లండన్ ఈస్ట్ ఎండ్‌లోని కేబుల్ స్ట్రీట్‌లో యూదులు, ఐరిష్ రేవు కూలీలు, కమ్యూనిస్టులు కలిసి దారికి అడ్డం నిలబడి అతని ఊరేగింపును వెనక్కి తిప్పారు.

యుద్ధం తర్వాత స్మెథిక్ ఫౌండ్రీల్లోకి పంజాబీలు వచ్చారు. ఊళ్లో ఇళ్లు చాలడం లేదు. కౌన్సిల్ ఇంటి కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తున్న తెల్ల కార్మికుడి కోపాన్ని 1964 ఎన్నికల్లో కన్సర్వేటివ్ అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్ అందుకున్నాడు. లేబర్‌కు ఓటేస్తే మీ పొరుగింట్లోకి నల్లవాళ్లొస్తారంటూ నీచమైన మాటలతో ఒక నినాదం ఊరంతా తిరిగింది. గ్రిఫిత్స్ దాన్ని ఖండించలేదు. దేశమంతా లేబర్ గాలి వీచినా అక్కడ ఆ పార్టీ ఓడిపోయింది. మార్షల్ స్ట్రీట్‌లో ఖాళీ అయిన ఇళ్లను కౌన్సిలే కొని తెల్లవాళ్లకు మాత్రమే ఇవ్వాలని చూసింది. గృహనిర్మాణ మంత్రి రిచర్డ్ క్రాస్‌మన్ అందుకు అప్పు మంజూరు చేయలేదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ పిలిస్తే 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ వచ్చి ఆ వీధిలో నడిచాడు. అప్పటికి ఆయన హత్యకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

1966లో లేబర్ ఆ సీటును తిరిగి గెలుచుకుంది. కానీ ఈలోగానే, 1965 ఆగస్టులో, కామన్వెల్త్ కార్మికులు బ్రిటన్‌లోకి రావడానికిచ్చే వోచర్లను ఏడాదికి 8,500కు కుదించింది అదే లేబర్ ప్రభుత్వం. గ్రిఫిత్స్ ఓడాడు, అతని వాదన ప్రభుత్వ విధానంలో మిగిలిపోయింది.

స్మెథిక్‌కు దగ్గర్లోని వుల్వర్‌హాంప్టన్‌కు కన్సర్వేటివ్ ఎంపీ ఈనాక్ పావెల్. పాతికేళ్లకే గ్రీకు ప్రొఫెసర్ అయిన పండితుడు. 1960 నుంచి 1963 దాకా ఆయన ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు ఆస్పత్రులు నడవడానికి మన డాక్టర్లు, కరీబియన్ నర్సులు కావలసివచ్చారు. ఆ పావెలే 1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో వలసలు ఆగకపోతే రక్తపాతం తప్పదన్న అర్థం వచ్చేలా ప్రసంగించాడు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న ఆ పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ వెంటనే అతని షాడో కేబినెట్ పదవి పీకేశాడు. మూడు రోజులకు లండన్ రేవు కూలీలు పని మానేసి, పావెల్‌కు మద్దతుగా పార్లమెంటుకు నడిచారు. ఒకప్పుడు మోస్లీని ఆపింది ఆ రేవు వాడలే. తమ గోడు ఎవరూ పట్టించుకోవడం లేదనుకున్న మనిషి ఎటైనా తిరుగుతాడని ఈ రెండు ఊరేగింపులూ చెబుతున్నాయి.

ఫరాజ్ బాణీ వేరు. చేతిలో బీరు గ్లాసు, నోట పబ్బులో మాట్లాడుకునే భాష. ఏడుసార్లు పోటీ చేసినా ఎంపీ కాలేకపోయాడు. అయినా అతని అప్పటి పార్టీకి ఓట్లు పోతున్నాయన్న దిగులుతోనే 2013లో ప్రధాని డేవిడ్ కామెరాన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న రెఫరెండానికి హామీ ఇచ్చాడు. 2016లో 51.9 శాతం ఓట్లతో బ్రెగ్జిట్ గెలిచింది. 2024లో అతన్ని చివరికి గెలిపించిన క్లాక్టన్, ఒకప్పుడు కార్మిక కుటుంబాలు సెలవులకు వెళ్లిన సముద్రతీరం. ఆ నియోజకవర్గంలోని జేవిక్, ప్రభుత్వ లెక్కల్లోనే ఇంగ్లండ్‌లోకెల్లా వెనకబడిన వాడగా పదేపదే తేలింది. అక్కడివాళ్లందరినీ జాత్యహంకారులనేసి ఊరుకుంటే మనకు ఏమీ అర్థం కాదు.

2025 మే 1 స్థానిక ఎన్నికల్లో అతని రిఫార్మ్ పార్టీ 677 స్థానాలు గెలిచింది. రెండు వారాలైనా తిరక్కుండానే లేబర్ ప్రభుత్వం శాశ్వత నివాసానికి పట్టే గడువును అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలని ప్రతిపాదించింది. 1965 నాటి పద్ధతే ఇది. ఆ దెబ్బ తగిలేది ఇక్కడ సాఫ్ట్‌వేర్ కొలువుల్లో, ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేస్తున్న మన పిల్లలకు కూడా.

ఓట్లు పోతాయన్న భయమే పెద్ద పార్టీలను ఇలా వంచుతోంది కాబట్టి ఓటుతోనే వాటిని నిటారుగా నిలబెట్టాలి. చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులుగా, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటుంది. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. మీ పిల్లలు ఇక్కడుంటే ఓటు నమోదు చేయించుకోమనండి. ఆ ఓటు అడగడానికి వచ్చినవాళ్లను మన వీసాల గురించి ఎంత గట్టిగా నిలదీస్తారో, జేవిక్‌ ఇళ్ల గురించి, ఉద్యోగాల గురించి కూడా అంత గట్టిగా నిలదీయమనండి.